తోమకూడని చెంబు

జూన్ 4

పిచ్చుకా,

అమ్మ కమ్మల్లో ఒకటి పంపుతున్నాను. పోస్టును నమ్మలేక, ఆ వైపు వస్తున్న మీ బావ స్నేహితుడి చేతికిచ్చాను. దూదిలో చుట్టి మాత్రల డబ్బాలో పెట్టాను. డబ్బా కూడా తిరిగి పంపు, మూత బాగా బిగుస్తుంది.

నాకిష్టం లేకుండా పంపుతున్నానని నీకు తెలియాలి. మొదటి ఉత్తరంలో అడిగావు, రెండోదాంట్లో అలిగావు, మూడోదాంట్లో బతిమాలావు. నువ్వు బతిమాలితే నాకు భయం. చిన్నప్పుడు నువ్వు బతిమాలి తీసుకున్న వస్తువేదీ తీసుకున్నట్టు తిరిగి రాలేదు.

అమ్మకు చెప్పలేదు. చెబితే ఇవ్వనిచ్చేది కాదు. చెవి తమ్మెలు సాగిపోయి ఆ జత పెట్టుకోవడం ఎప్పుడో మానేసింది. చూపూ సరిగా ఆనడం లేదు. సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని రెండు కమ్మలూ అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో తడుముతూ ఉంటుంది. నేను ప్రార్థన చేసుకుంటుంటే పక్కనే ఆ రెండూ ఒరుసుకునే చప్పుడు వినపడేది. ఇప్పుడు ఒకటే ఉంది కనుక చప్పుడు లేదు. రెండోదాని శీల మర అరిగింది, బాగుచేయడానికిచ్చానని చెప్పాను. అది అబద్ధం. నీ కోసం ఆడిన అబద్ధం. నెల మించి దాన్ని మోయలేను.

చూడు, తడుము, భూతద్దం పెట్టుకో. మంట తగలనివ్వకు. పనిముట్టు తగలనివ్వకు.

ఇల్లు ఎప్పటిలాగే ఉంది. నీళ్ల గది పక్క అలమారులో, అడుగు అరలో ఉండే రాగి చెంబు గుర్తుందా? ఒళ్లంతా చిలుము పట్టి పచ్చగా ఉంటుంది. మొన్న తోమబోతే అమ్మ అంత దూరం నుంచి చప్పుడు విని కేకేసింది. దాని జోలికి పోవద్దంది. ఎందుకంటే చెప్పదు. ఇల్లంతా శుభ్రం, ఆ మూల ఒక్కటి పాచి. పెద్దతనంలో మనుషులు వింత వస్తువుల మీద మమకారం పెంచుకుంటారు కాబోలు.

వేళకు తిను.

అక్కయ్య


జూన్ 15

అక్కయ్యా,

కమ్మ చేరింది. మాత్రల డబ్బా చూసి మా పక్కగది ఆవిడ నాకేదో జబ్బనుకుని పళ్లు తెచ్చిచ్చింది. అవి తినేశాక నిజం చెప్పాను. నువ్వు నా పరాచికాలకు నవ్వవని తెలుసు, అయినా రాస్తాను.

నా గది నీకు తెలియదు కదూ. కిందంతా అద్దకం కొట్టు, పైన నేను. ఒక కిటికీ, దాని కింద బల్ల, బల్ల అంచుకు కట్టిన తోలు జోలె. ఆకురాయి పొడి, వెండి ముక్కలు అందులో రాలుతాయి. మంట పెట్టే మూల గోడ నల్లబడిందని ఇంటాయన నెలనెలా వచ్చి చూసి నిట్టూర్చి పోతాడు.

నిన్నంతా కమ్మను భూతద్దం కింద పెట్టుకుని కూర్చున్నాను. బోర్లించిన గిన్నెలాంటి ఆ నున్నటి బంగారు రేకు మీద గసగసాలంత గుండ్లు, వరస మీద వరస. ఒక్కో గుండూ రేకును సూదిమొనంత మేరే తాకుతోంది. రెండు గుండ్ల నడుమ సందులోంచి వెలుతురు పోతోంది. టంకం జాడే లేదు. టంకం పోస్తే అది కరిగి సందులన్నీ నింపేస్తుంది, గుండ్లు బురదలో కూరుకుపోయిన గులకరాళ్లలా ఉంటాయి. నా బల్ల మీద ఉన్నవన్నీ అలాంటి గులకరాళ్లే.

వెండితో ప్రయత్నిస్తున్నాను. సన్నటి తీగను ముక్కలుగా కత్తిరించి బొగ్గుపొడిలో వేసి కాలిస్తే, ఒక్కో ముక్కా తనంతట తానే గుండై కూర్చుంటుంది. అది పట్టుబడిన రోజు ఎగిరి గంతేశాను, కింద అద్దకం కొట్టువాళ్లు కర్రతో కప్పు మీద కొట్టారు. అతకడమే రావడం లేదు. టంకాన్ని పొడి చేసి చల్లాను, మునిగిపోయాయి. టంకం మానేసి, అతుకు పట్టడానికి రాసే వెలిగారం ఒక్కటే రాశాను, అది పొంగి గుండ్లను పేలాల్లా ఎగరగొట్టింది. మంట పెంచాను, రేకూ గుండ్లూ కలిసి ఒకే ముద్దయ్యాయి. పటకారుతో ఎత్తి చూస్తే ఆ ముద్ద నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉంది.

నాన్న ఎలా చేసేవాడో! కుంపటి దగ్గర నన్ను కూర్చోనిచ్చేవాడు, ఊదుగొట్టం పట్టనిచ్చేవాడు. ఈ గుండ్ల పని వచ్చేసరికి మాత్రం వస్తువు తీసుకుని లోపలికి వెళ్లిపోయేవాడు. మళ్లీ బయటికి వచ్చేసరికి గుండ్లన్నీ వరసగా, కదపకుండా పేర్చి ఉండేవి. ఒక్క మంట చూపించేవాడు, అయిపోయేది. అడిగితే చేతి చలవ అనేవాడు. నాన్న నల్లటి వేళ్లు, అమ్మ ఆకుకూర పసరంటిన పచ్చటి వేళ్లు. మన చిన్నతనమంతా ఆ రెండు రంగులేననిపిస్తుంది నాకు.

సెప్టెంబరులో ఇక్కడ చేతిపనుల ప్రదర్శన. నాకూ ఒక బల్ల ఇచ్చారు. పైన కట్టడానికి బోర్డు కూడా రాయించాను: ‘మా నాన్న పని, నా చేతులతో’. గుండ్ల పని రాకుండా ఆ బోర్డు కింద కూర్చుంటే నవ్వులపాలే. కమ్మను ఇంకొన్నాళ్లు ఉంచుకోనివ్వు. బోర్డు సంగతి అమ్మకు చదివి వినిపించు, సంతోషిస్తుంది.

నీ పిచ్చుక


జూలై 2

పిచ్చుకా,

అమ్మ అడుగుతోంది. మర బాగుచేయడానికి ఇన్నాళ్లా అంది. ఎవరికిచ్చావంది. చెప్పలేక, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి వచ్చేశాను. పొయ్యి మీద పాలు లేవు. అది రెండో అబద్ధం.

బోర్డు సంగతి వరకు చదివి వినిపించాను. వినగానే మొహం గోడవైపు తిప్పుకుంది. అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. నాన్నగారు గుర్తొచ్చి ఉంటారని నేను కదిలించలేదు.

ప్రదర్శన నీది. కమ్మ ఆమెది. పంపెయ్యి.

అక్కయ్య


జూలై 20

అక్కయ్యా,

నిలబడి ఉంటే కూర్చుని చదువు.

కమ్మను కోశాను.

సన్న రంపంతో, అంచు నుంచి శీల దాకా నిలువునా. ఇప్పుడది రెండు ముక్కలు. తొందరపడి చేసిన పని కాదు, చాలా రోజులు దాన్ని ఎదురుగా పెట్టుకుని ఆలోచించాను. గుండుకీ రేకుకీ మధ్య ఏముందో పైనుంచి చూస్తే తెలియదు. కోసిన మొహం నునుపు చేసి చూస్తే తెలుస్తుందనుకున్నాను. చూశాను. ఏమీ లేదు అక్కయ్యా. గుండు కిందికి సాగి సన్నటి మెడలా దిగింది, ఆ మెడే రేకయింది. అతుకు గీత కూడా లేదు. చెట్టుకు కాయ పుట్టినట్టు రేకుకు గుండు పుట్టింది.

నువ్వేమంటావో నాకు తెలుసు. నేను దాన్ని అమ్ముకోలేదు, పోగొట్టలేదు. నేర్చుకోవడానికి కోశాను. వైద్యం నేర్చుకునేవాళ్లు శరీరాన్ని కోయరా? నాన్న పోయాక ఈ పని తెలిసినది ఆ కమ్మ ఒక్కటే. అది నోరు విప్పదు. మరి నేనేం చేయను?

మళ్లీ అతికిస్తాను. అమ్మకు చెప్పకు.

నీ చెల్లెలు


జూలై 27

వైద్యం నేర్చుకునేవాళ్లు చచ్చిన శరీరాన్ని కోస్తారు. అమ్మ బతికే ఉంది.

నీ ఉత్తరం మడిచిపెట్టి దేవుడి ముందు కూర్చున్నాను. కళ్లు మూసుకుంటే రంపం కనపడింది. పెదవుల మీద మాట పెదవుల మీదే ఆగిపోయింది. నాకిలా ఎప్పుడూ జరగలేదు. అమ్మకు సంబంధించిన వస్తువును కోశావు, నాకూ దేవుడికీ మధ్య కూడా ఏదో కోశావు.

అరవడం నాకు రాదు. తోమడం వచ్చు. వంటింట్లోకి వెళ్లి గిన్నెలన్నీ దించాను. తోమినవి మళ్లీ తోమాను. అయినా చెయ్యి ఆగలేదు. అలమారు అడుగు నుంచి ఆ చెంబును కూడా లాగి, బూడిదా నిమ్మచెక్కా వేసి, చిలుము పొరలు పొరలుగా రాలేదాకా తోమాను. అమ్మ నిద్రపోతోంది. ఆమె వద్దన్న పని ఆమె నిద్రలో చేశాను. నీ సావాసం.

సాయంత్రానికి ఇంట్లో ఏ గిన్నె ముందైనా నిలబడి తల దువ్వుకోవచ్చన్నారు మీ బావ. నేను ఇంకో గిన్నె అందుకున్నాను. ఆయన దువ్వెన జేబులో పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు.

అమ్మ రోజూ మిగిలిన కమ్మను అరచేతిలో పెట్టుకుని కూర్చుంటోంది. ఒక్కటే ఉంటే తడమడానికి ఏముంది? ఊరికే గుప్పిట మూసుకుంటుంది.

బాగుచేసి పంపు. ఆ తర్వాత ఈ ఇంటి నుంచి ఏ వస్తువూ అడగకు.

అక్కయ్య


ఆగస్టు 8

అక్కయ్యా,

నువ్వు అరిచి ఉంటే బాగుండేది. అరిచినవాళ్లకు తిరిగి అరవవచ్చు. నువ్వెప్పుడూ ఇంతే. నాలుగు ముక్కలు అనేసి దేవుడి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటావు. బయట మిగిలినవాళ్లమంతా పాపులం. నీకూ దేవుడికీ మధ్య కూడా నేనే అడ్డమొచ్చానట. ఆయన నా రంపానికి భయపడేవాడైతే నేనేం చేసేది?

నేను పని నేర్చుకోవడానికి ఇల్లు వదిలి వస్తుంటే వాకిట్లో నువ్వన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. ఆడపిల్ల కుంపటి ముందు కూర్చుని నల్లబడితే ఎవరు చూస్తారు అన్నావు. సంచీ భుజాన వేసుకుని, ఆ మాట కూడా మోసుకుంటూ వచ్చాను. ఇక్కడ మంట మూల కూర్చున్నప్పుడల్లా అది నాతో పాటే కూర్చుంటుంది.

ఇంకో సంగతి. నాన్న పోయి నెల తిరక్కుండానే కుంపటి పెరట్లోకి చేరింది. నువ్వు దాంట్లో మట్టి పోసి పూలమొక్క నాటావు. నేను వచ్చి చూసి ఏడిస్తే, మొక్క బాగా పట్టుకుందన్నావు. నేను ఒక కమ్మను కోశాను. నువ్వు ఒక విద్యను పాతిపెట్టి, రోజూ నీళ్లు పోశావు. మనిద్దరిలో ఎవరు ఎక్కువ పాడుచేశారో ఈసారి ప్రార్థనలో అడిగి చూడు.

కమ్మ పంపుతున్నాను, అదే డబ్బాలో. కోత ఎక్కడుందో నువ్వు కనిపెట్టలేవు.

నీ చెల్లెలు


ఆగస్టు 23

కోత ఎక్కడుందో కనిపెట్టలేనన్నావు. నిజమే. కోత లేదు. ఇది ఆ కమ్మ కాదు.

నేను కనిపెట్టలేదు. దూది విప్పి చూసి సంతోషించాను కూడా. పూలమొక్క మాట మింగేసి, నీ చేతికి నిజంగానే పని వచ్చిందనుకుని, తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ రెండూ కలిపి అరచేతిలో ఆడించింది. చప్పుడు వినగానే ఆపేసింది. కొత్తదాని మీద బొటనవేలు ఒక్కసారి పోనిచ్చింది.

“ఇదెవరిది?” అంది.

నీదే అమ్మా అన్నాను.

“సందులు పూడిపోయాయి. టంకం పోశారు దీనికి. నా కమ్మ ఏది?”

నేను మళ్లీ నీదేనన్నాను. అబద్ధమని తెలియకుండా ఆడిన అబద్ధం అది. అమ్మ ఆ వస్తువును కిటికీ గూట్లో పెట్టింది, ఎంగిలి చెంచా పక్కన పెట్టినట్టు. లేచి, గోడ పట్టుకుని నీళ్ల గది వైపు వెళ్లింది. నేను వెంట వెళ్లబోతే చేత్తోనే ఆపింది. చాలాసేపటికి తిరిగొచ్చి మంచమెక్కింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. కంచం పెడితే తింటుంది. నీళ్లిస్తే తాగుతుంది. మీ బావను పిలిచి మాట్లాడుతుంది. నేను గదిలోకి వెళితే ఊరుకుంటుంది.

నన్ను అడ్డం పెట్టుకుని అమ్మను మోసం చేశావు. రంపమైనా నయం, దానికి తెలియదు.

ఆ రెండు ముక్కలూ పంపు. ఉత్తరం అక్కర్లేదు.


సెప్టెంబరు 6

అక్కయ్యా,

ఉత్తరం అక్కర్లేదన్నావు. తిట్టుకోవడానికైనా చదువు.

కమ్మ అతికించబోయిన మాట నిజం. మంట తగలగానే కోత పక్క వరసలో గుండ్లు కదిలాయి. వెంటనే మంట ఆపేశాను. నువ్వు పంపు పంపు అంటున్నావు, నా దగ్గర పంపడానికి ధైర్యం లేదు, కమ్మ లేదు. వెండితో ఒకటి చేసి పైన బంగారం పూత పెట్టాను. నీ కళ్లను మోసం చేయగలిగాను. అమ్మ వేలిని చేయలేకపోయాను. తప్పు నాది, దాన్ని తిప్పి రాయను.

ముక్కలు ఇంకా పంపను. ఎందుకో చెబుతాను.

కాల్చిన వస్తువు నల్లబడుతుంది. ఆ నలుపు పోవడానికి పలచటి యాసిడ్ తొట్టిలో వేస్తాం. ఆ తొట్టిలో ఇనుము ముంచకూడదని ఈ పనిలో మొదటి రోజే నేర్పుతారు. నీ ఉత్తరం చదివిన రోజు, నాకున్న కోపానికి ఇనుప పటకారు అందులోనే వదిలేసి వీధిలోకి వెళ్లిపోయాను. ఊరంతా తిరిగి, ఎదురొచ్చిన ప్రతివాళ్లతోనూ మనసులో పోట్లాడి తిరిగొచ్చాను. చూస్తే తొట్టిలో ఉన్న వెండి గుండ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. వెండిలో కలిసి ఉండి, ఇన్నాళ్లుగా ఆ నీళ్లలో కరిగిన రాగి, ఇనుము తగిలేసరికి గుండ్ల మీద పొరగా దిగింది.

పారబోయబోయాను. మళ్లీ ఏమనుకున్నానో, పాడైతే పాడవనీ అని వాటినే రేకు మీద జిగురుతో పేర్చి మంట పెట్టాను. టంకం వేయలేదు. రేకు ఎర్రబడింది. ఒక్క క్షణం దాని మీద తడి మెరుపులాంటిది పాకింది. మంట తీసేశాను.

గుండ్లు అతుక్కున్నాయి అక్కయ్యా. గోటితో గీకాను, పటకారుతో లాగాను, బల్లకేసి కొట్టాను. ఒక్కటీ రాలలేదు. సందుల్లోంచి వెలుతురు పోతోంది. ఒకటి కోసి చూశాను, నాదే లే, భయపడకు. అదే సన్నటి మెడ.

అంతా రాగిలో ఉంది. రాగి తగిలిన చోట మాత్రం వెండి గానీ బంగారం గానీ మిగతా ఒంటికన్నా ముందు కరుగుతుంది, పట్టుకుంటుంది. మర్నాడు పటకారు ముంచకుండా చేయాలని చూశాను. రాగిని ఆకురాయితో రాసి ఆ రజను జిగురులో కలిపాను, గరగరలాడుతూ గుండ్లను పక్కకు నెట్టేసింది. ఇంకా మెత్తగా, పిండిలా ఉండే రాగి కావాలి. అలాంటి రాగి ఎక్కడుంటుందా అని బల్ల మీద తలపెట్టుకుని కూర్చుంటే నీ చెంబు గుర్తొచ్చింది.

చిలుము. వేళ్లతో నలిపితే పిండి.

నాన్న నీళ్ల గది అలమారు ఎప్పుడైనా తెరిచాడా? ఆయనకు ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియదు. తన చొక్కా తనకు దొరికేది కాదు. గుండ్ల పని వస్తే వస్తువు తీసుకుని లోపలికి వెళ్లేవాడని నేనే నీకు రాశాను. లోపల ఎవరున్నారు? ఆ పచ్చటి వేళ్లు ఎవరివి? మనింట్లో అంత ఆకుకూర ఎవరు తిన్నారు?

నువ్వు ఆ చెంబు తోమేశానని రాశావు. అది గుర్తొచ్చి ఎంత కోపం వచ్చిందో రాయలేను. కాగితం మీద కలం విరిగింది, ఇది రెండో కాగితం. నీ మీద సగం, నా మీద సగం. అమ్మ ఇన్నాళ్లూ మనింట్లోనే ఉంది, నేను కమ్మను కోసి నాన్నను వెతికాను.

బోర్డు దించేశాను. ప్రదర్శనకు వెళ్లడం లేదు. అమ్మను అడుగు అక్కయ్యా. నా తరఫున అడుగు.

పిచ్చుక


సెప్టెంబరు 17

పిచ్చుకా,

నీ ఉత్తరం అమ్మకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. అంతకుముందు నా అబద్ధాలన్నీ చెప్పాను, పొయ్యి మీద లేని పాలతో సహా.

కోశానని రాసిన చోట అమ్మ రెప్ప కూడా వేయలేదు. బంగారమే కదా, అతుకుతుందిలే అంది. అన్నాళ్లకు నాతో అన్న మొదటి మాట అది. ఆమె కోపం కోత మీద కాదు. ఆ రోజు నీ దొంగ కమ్మ తడిమి, తానే ఏదైనా చేద్దామని లేచి చెంబు కోసం వెళ్లిందట. చేత్తో తడిమితే నున్నగా ఉంది. అందుకు నాతో మాట మానేసింది. నేను కమ్మ కోసమనుకున్నాను.

ఆ తర్వాత ఆమె అన్నది నీకు ఉన్నదున్నట్టు రాస్తాను. నాకూ తగిలింది, నీకూ తగలాలి.

“మీ నాన్న అమ్మాడు. ముద్ర ఆయనది వేశాడు. కొట్టు ఆయనది, కొనేవాళ్లు ఆయన్ను చూసి వచ్చారు. సరే. ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మీరిద్దరూ నా కళ్లముందే పెరిగారు కదే. ఏళ్ల తరబడి నా గోళ్లు పచ్చగా ఉండేవి. ఇదేమిటమ్మా అని ఒక్కతి అడగలేదు. ఒకతి వెళ్లి దేవుణ్ణి అడుగుతుంది. ఒకతి వెళ్లి రంపాన్ని అడుగుతుంది. నన్నడిగితే మీకేం నొప్పి?”

ఆకుకూర పసరనుకున్నామమ్మా అన్నాను.

“మీ నాన్నకు ఆకుకూర పడదు. ఈ ఇంటి గుమ్మం ఎప్పుడు తొక్కింది అది?”

నేను నవ్వలేదు. అమ్మా నవ్వలేదు. ముందు గదిలో మీ బావ నవ్వబోయి దగ్గులోకి దించుకున్నారు.

నీ బోర్డు విని గోడవైపు తిరిగింది ఎందుకో ఇప్పుడు నేను చెప్పనక్కర్లేదు. నాన్నగారి మీద బెంగనుకుని ఆ పూట నేను ఆమెను ఒంటరిగా వదిలేశాను.

చిలుములో ఏ జిగురు కలుపుతావు, ఎంత పలచన అని అడిగాను, నీకు రాద్దామని. చెప్పలేదు. “ఉత్తరంలో పట్టేది కాదు. రమ్మను. నా ఎదురుగా కూర్చుని నోటితో అడగమను. బోర్డు మీద ఎవరి పని అని రాస్తుందో అది ముందు చెప్పమను,” అంది. నీ కోపం కాస్త తగ్గాక రమ్మంటానమ్మా అన్నాను. “తగ్గేదాకా ఆగితే దానికి నేను దొరకను. కోపంతోనే ఉంటాను. రమ్మను,” అంది.

నువ్వు చేసిన కమ్మ గూట్లోనే ఉంది. నిన్న దాన్ని తీసుకుని మళ్లీ తడిమింది. వరసలు తిన్నగా పేర్చిందంది. పొగడ్త అనుకోకు. వెంటనే టంకం అని ఒక్క మాట అని దాన్ని మళ్లీ గూట్లో పడేసింది. ఆమె నోట ఆ మాట బూతులా వినపడింది.

ఇక నా సంగతి. నాకూ కోపం తగ్గలేదు. కుంపటి అడుగు బీటలు వారి వానకు విడిపోతుంటే, మట్టి నింపితే నిలబడుతుందని నింపాను. ఊరికే మట్టి ఉండటమెందుకని మొక్క పెట్టాను. నువ్వు ఏడ్చినప్పుడు ఈ మాట చెప్పవలసింది. అడగలేదు కదా అని ఊరుకున్నాను. నేనూ అమ్మ కూతుర్నే. నిన్న ఆ మొక్కను నేలలో నాటి, కుంపటి కడిగి లోపలికి తెచ్చాను. మీ బావ బీటకు బంకమట్టి పెట్టారు. ఆరుతోంది.

నల్లబడితే ఎవరు చూస్తారన్న మాట నాది కాదు. నాన్నగారిది. వాకిట్లో నీకు ఎడమ పక్కన ఆయన, కుడి పక్కన నేను. నేను నీ సంచీకి తాడు కడుతున్నాను. అమ్మ పని ఆయనకిచ్చినట్టే, ఆయన మాట నాకిచ్చావు. ఇన్నేళ్లూ మోశావు కనుక ఇప్పుడు దించి పెట్టు. లేదా అసలు మనిషి పక్కన పెట్టు, నీ ఇష్టం.

మాత్రల డబ్బా ఖాళీగా ఉంచాను. ముక్కలు తీసుకుని రా. అమ్మ కళ్లకు అవి ఆనవు, అయినా అవి ఆమె చేతిలో పడాలి. మంట నువ్వు పెట్టాలట, ఆమెకు ఆ మెరుపు కనపడదు కనుక. గుండ్లు ఆమె పేరుస్తుందట, నీ వేలు పట్టుకుని.

చెంబుకు అమ్మ చెప్పినట్టు ఉప్పూ నిమ్మరసం పట్టించి, తడిగుడ్డ చుట్టి, దేవుడి గది మూలలోనే పెట్టాను. ఆ మూలలో అంత మురికి వస్తువు ఎప్పుడూ లేదు. రోజూ దీపం పెట్టాక గుడ్డ విప్పి చూస్తున్నాను. మెడ కింద ఒంపులో, ఆ రోజు నా వేలు దూరని చోట, చిటికెడు పచ్చదనం కనపడుతోంది. మిగతా ఒళ్లంతా ఇంకా సిగ్గులేకుండా మెరుస్తోంది. నిన్ను తలుచుకున్నప్పుడల్లా చెయ్యి బూడిద వైపు పోతోంది.

తోమను.

అక్కయ్య